నూట ఇరవయ్యో పెట్టె

రిటైరైనవాణ్ణి పిలిచి మాట్లాడమంటే రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి, వాడు ఆపడు. రెండు, తన విజయాలే చెప్పుకుంటాడు. మొదటిదానికి నేను హామీ ఇవ్వలేను గానీ, రెండోదాని గురించి మీరు బెంగపెట్టుకోనక్కర్లేదు. తొమ్మిదేళ్ళు పెంచిన ఒక మొక్కను నా చేత్తో నేనే లెక్కలోంచి కొట్టేసిన సంగతి ఇది. అది మంచి మొక్కో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకునే దారి ఒకే ఒక్క పెట్టెలో ఉండేది. ఆ పెట్టె నేను తెరవలేదు.

మొక్కంటే బీన్స్ మొక్క. మీ ఇంట్లో కూర వండుకునే లేత కాయలూ, నానబెట్టి ఉడకేసుకునే రాజ్మా గింజలూ ఒకే జాతివి. దానికి భాస్వరం కావాలి. మన ఎర్ర నేలల్లో భాస్వరం తక్కువ, ఉన్నదాన్ని కూడా మట్టి గట్టిగా పట్టుకుని ఓ పట్టాన వదలదు. అయితే బీన్స్‌లో అన్ని వంగడాలూ ఒక్కలా ఉండవు. ఒకే మడిలో పక్కపక్కన వేస్తే ఒకటి ఆకలికి మాడిపోతుంది, ఇంకొకటి ఎలాగో నెట్టుకొస్తుంది. ఆ నేర్పు వేర్లలో ఉంటుంది, తల్లి గింజ నుంచి పిల్ల గింజకు దిగుతుంది. ఎరువు కొనే స్తోమత లేని రైతు చేతిలో అలాంటి గింజ పెట్టాలని నా ఆశ.

నా దగ్గరున్న వంగడాల్లో నలభై ఏడో నంబరంటే నాకు మొదటి నుంచీ పక్షపాతం. మా ఆవిడ దాని యోగక్షేమాలు పెళ్ళైన కూతురి గురించి అడిగినట్టు అడిగేది. "మీ నలభై ఏడు ఏమంటోంది? తింటోందా, లేదా?" అనేది. తినకుండా బతికితేనే కదా గొప్ప అని నేను నవ్వేవాణ్ణి.

భాస్వరం గురించి నేను మొదట విన్నది ఏడో తరగతిలో. శ్మశానంలో తిరిగే కొరివి దయ్యాలు దయ్యాలు కావనీ, ఎముకల్లోంచి వచ్చే భాస్వరమనీ మా సైన్సు మాస్టారు చెప్పారు. ఆ రోజుతో నాకు దయ్యాల భయం పోయింది. చూడండి, ఎంత తొందరపడ్డానో.

మా సంస్థ ఖాజాగూడ చెరువు వైపు ఒక అద్దాల భవనంలో ఉండేది. పై అంతస్తులన్నీ సాఫ్ట్‌వేర్ వాళ్ళవి. మాకు మూడో సెల్లార్‌లో కార్లు ఆపే చోటు పక్కన పొడుగాటి గది ఇచ్చారు. వేర్ల పనికి అది బాగానే కుదిరింది, ఎందుకంటే వేరుకు చీకటి కావాలి. నూట ఇరవై సన్నటి పెట్టెలు వరసగా పెట్టాం. ప్రతి పెట్టెకూ ఒక వైపు గాజు పలక, ఆ గాజు మీద నల్ల గుడ్డ. పైన ఆకులకు గులాబీ రంగు లైట్లు. గుడ్డ ఎత్తితే గాజు వెనక మట్టిలో వేర్లు ఎటు పోతున్నాయో కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం పైన ఎండ మండిపోతున్నా ఆ గదిలో వేళ తెలిసేది కాదు. ర్యాంపు మీద కారు దిగినప్పుడల్లా గాజులన్నీ సన్నగా వణికేవి.

ఇక నా తప్పు. ఈ ప్రయోగానికి భాస్వరం లేని మట్టి కావాలి. మా ఆవరణ పక్కనే కొత్త టవర్ కోసం గుంత తవ్వుతున్నారు. ముప్పై అడుగుల లోతు మట్టి సారం లేనిది, మాకు అదే అమృతం. కాంట్రాక్టర్‌తో మాట్లాడి ఆరు టిప్పర్లు తోలించాను. మొదటి టిప్పర్ మట్టిని పరీక్షకు పంపాను. భాస్వరం దాదాపు లేదని వచ్చింది. మిగతా అయిదు టిప్పర్లూ అదే లోతు నుంచి వచ్చాయని నాకు నేనే చెప్పుకున్నాను. ఒక్క మెతుకు పట్టుకుని అన్నం ఉడికిందనుకునే అలవాటు మన ఇళ్ళలో ఉంది. ఆరు కుండలకు ఒక్క మెతుకు పట్టుకోవడం మాత్రం నాతోనే మొదలైంది.

మట్టి జల్లెడ పట్టడానికి ఒక పెద్దాయన వచ్చాడు. ఖాజాగూడలో పుట్టి పెరిగినవాడు, అప్పటికి బోరబండలో కొడుకు దగ్గర కిరాయి ఇంట్లో ఉంటున్నాడు. మనిషిని మేం వెతకలేదు. ఆయనే వచ్చి, "గా మట్టి జల్లెడ పట్టే పని నాకియ్యుండ్రి సార్, ఇంకెవ్వలకు ఇయ్యకుండ్రి" అన్నాడు. పొద్దున్నే కుప్ప ముందు చెప్పులు విడిచి, మట్టికి దండం పెట్టుకుని మొదలుపెట్టేవాడు. భక్తి గల మనిషి అనుకున్నాను. పెట్టెలు నింపేటప్పుడు మాత్రం ఒక పట్టుదల చూపించాడు. బయట నింపి మోసుకొస్తానంటే ఒప్పుకోలేదు. పెట్టె ఎక్కడ ఉండాలో అక్కడే పెట్టించి, అక్కడే కూర్చుని, గుప్పెడు గుప్పెడుగా నింపాడు. "ఒక్కపారి నింపినంక తిప్పొద్దు సార్" అన్నాడు. గాజు పగులుతుందని జాగ్రత్త కాబోలనుకున్నాను.

చీటీలు వేసి ఏ పెట్టెలో ఏ వంగడమో తేల్చాం. పన్నెండు వంగడాలు, ఒక్కోదానికి పది పెట్టెలు. గింజలు వేశాం. అయిదో వారానికి పదకొండు వంగడాలు కుంగిపోయాయి. ఆకులు చిన్నవై, ముదురు రంగు తిరిగి, కింది నుంచి రాలడం మొదలైంది. నలభై ఏడు మాత్రం పదికి పది పెట్టెల్లో పచ్చగా, నిండుగా ఉంది. ఆ సాయంత్రం మదీనాగూడలో మా ఇంటికి మిఠాయి పొట్లంతో వెళ్ళాను. మూడు నెలల్లో రిటైర్మెంటు. అంతకు ముందే వంగడాలను ఎంపిక చేసే కమిటీ వస్తుంది, నా మొక్క చేలోకి వెళుతుంది. ఇంకేం కావాలి?

వేర్ల ఫొటోలు తీసి కంప్యూటర్లో కొలిచే పని ఒక అమ్మాయిది. భీమవరం వైపు పిల్ల, సాఫ్ట్‌వేర్ మానేసి మా దగ్గర చేరింది. కమిటీ రావడానికి నాలుగు రోజుల ముందు నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"సార్, ఒక్కసారి కిందికి వస్తారా అండి?"

"ఫొటోలు పంపమ్మా, ఇక్కడే చూస్తాను."

"ఫొటోల్లో చూపిస్తే మీరు నమ్మరండి. నేనొక్కదాన్నీ మాత్రం ఆ గుడ్డలు ఎత్తనండి."

వెళ్ళాం. నలభై ఏడు ఉన్న ఒక పెట్టె గుడ్డ ఎత్తింది. భాస్వరం పైమట్టిలో ఉంటుంది కాబట్టి ఆకలితో ఉన్న బీన్స్ వేరు పైపైనే, అన్ని వైపులకూ పాకుతుంది. పుస్తకాల్లో అదే ఉంటుంది, నేనూ పాఠాల్లో అదే చెప్పాను. ఇక్కడ వేర్లు పైమట్టిని వదిలేసి, అన్నీ కలిసి ఏటవాలుగా కింది మూలకు దిగాయి. ఆ మూలలో గుంపుగా చుట్టుకున్నాయి. ఇంకో పెట్టె చూపించింది. అదే వాలు, అదే మూల. మూడోదీ అంతే. గది ఆ చివర ఉన్న పెట్టెలోనూ అంతే.

"తొమ్మిది పెట్టెల ఫొటోలు ఒకదాని మీద ఒకటి వేశానండి. ఒకే బొమ్మలా పడ్డాయి. పదోది మాత్రం కొంచెం వేరేగా ఉంది. వీటికి ఎవరో అడ్రసు చెప్పినట్టుంది సార్."

"తేమ ఆ మూలకు దిగుతోందేమో."

"అదీ చూశానండి. తేమ అంతటా ఒకేలా ఉంది. సార్, అది ఏ దిక్కో చూశారా?"

ర్యాంపు ఎటుందో, చెరువు ఎటుందో మనసులో లెక్క వేసుకున్నాను. దక్షిణం. ఒళ్ళు జలదరించిందని చెప్పడానికి నాకిప్పుడు సిగ్గు లేదు. ఏడో తరగతి మాస్టారు ఆ క్షణాన నన్ను వదిలేసి వెళ్ళిపోయారు.

మర్నాడు ఒక పెట్టె గాజు ఊడదీశాం. సన్నటి నీటి ధారతో మట్టి కడుగుతూ పోయాం. మూలలో వేర్ల ముద్ద బయటపడింది. పిడికిలంత ఉంది. చిన్నగా విప్పబోతే రాలేదు. లోపల ఏదో గట్టిగా తగిలింది. కడిగే కొద్దీ తెల్లగా తేలింది. వేలి ఎముక. మనిషిది. వేర్లు దాన్ని పట్టుకోవడమే కాదు, తాకినచోటల్లా తినేశాయి. ఎముక మీద సన్నటి గాట్లు పడ్డాయి, చెదలు పట్టిన తలుపు మీద ఉన్నట్టు. నలభై ఏడో నంబరు వేర్లు ఆమ్లం ఊరిస్తాయి, ఆ ఆమ్లానికి ఎముకలో భాస్వరం కరుగుతుంది. చదువుకున్నవాడిగా నాకది ఒక్క నిమిషంలో అర్థమైంది. ఆ ఒక్క నిమిషం నేను ఆ ముద్దను చేతిలో పట్టుకునే ఉన్నాను.

అమ్మాయి వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. "మిగతా వాటిలో కూడానా అండి?" అంది.

కుంగిపోయిన వంగడం పెట్టె ఒకటి విప్పాం. అందులోనూ అదే మూలలో ఒక ఎముక ముక్క ఉంది. దాని వేర్లు జానెడు దూరంలోంచే పోయాయి. పక్కనే అన్నం పెట్టుకుని పస్తున్నట్టు. నూట ఇరవై పెట్టెల్లో దాచినదాన్ని ఒక్క నలభై ఏడే కనుక్కుంది. నేను తొమ్మిదేళ్ళుగా తక్కువ తిండితో బతికే మొక్కను వెతికాను. నాకు దొరికింది దాచిన తిండిని వెతికి పట్టే మొక్క. రైతు పొలంలో అలా ఎవరు దాచి పెడతారు?

పెద్దాయన మా ఆవరణలోని తోటకు నీళ్ళు పెడుతున్నాడు. పిలిపించాను. చేతిలో ఎముక చూపించాను. ఆయన తువ్వాలు పరిచి, రెండు చేతులతో అందుకున్నాడు.

"పెద్దాయనా, ఇవి మీరే పెట్టారా?"

"నేనే పెట్టిన సార్."

"ఎందుకు పెట్టారు?"

"మీరు రాళ్ళు తియ్యుమన్నరు, తీసిన. ఎండు వేర్లు తియ్యుమన్నరు, తీసిన. బొక్కలు తియ్యుమని ఎవ్వలు చెప్పలే." కోపం లేదు, భయం లేదు. "గా గుంత తవ్విన జాగ మా బొందలగడ్డ సార్. మా తాతను ఆడనే పెట్టినం, మా నాయినను ఆడనే. ఒకనాడు పొద్దుగాల పోయి చూస్తే చుట్టు రేకులు కొట్టిన్రు. లారీలు మట్టి ఎటు తీస్కపోతున్నయో అడిగితే చెప్పరాయె. కొన్ని ఈడికి వస్తున్నయని తెల్సి ఉరికొచ్చిన. జల్లెడల మావోళ్ళు తేలుతుంటే ఏంజేయాలె? చెత్తల పారెయ్యన్నా?"

నా వేళ్ళకు అంటిన మట్టిని తుడుచుకోబోయి మానుకున్నాను.

"మీ పనైనంక మట్టిని ఈ తోటలనే పోస్తమన్నరు గదా. తోట గూడ మా జాగనే. అందాక మట్టిలనే ఉండనీ అని తలా ఇంత పెట్టిన. దక్షిణం దిక్కు తల ఉండాలె గద, గందుకే ఆ దిక్కు పెట్టిన. పెట్టె తిప్పొద్దని గందుకే అన్న."

నేను పరీక్షించని అయిదు టిప్పర్లలో ఏదో ఒకటి పైమట్టి తెచ్చిందన్నమాట. ఆ మట్టిని ఆయన మిగతా కుప్పతో కలిపాడు, ఎముకలను ఏరి పంచాడు. నా ప్రయోగం పద్ధతి ప్రకారం జరిగింది. పద్ధతి మాత్రం నాది కాదు, ఆయనది. ఆయనదే నాకంటే పక్కాగా ఉంది.

ఇక్కడ నేను అడిగిన ప్రశ్న వినండి. మనిషి తనవాళ్ళ ఎముకను తువ్వాల్లో పట్టుకుని ఎదుట నిలబడితే, నాకు తట్టింది ఇది. "అన్ని పెట్టెల్లోనూ పెట్టారా?"

"ఒక్కదాంట్ల పెట్టలే సార్. ఆఖరు పెట్టెకొచ్చేసరికి బొక్కలు అయిపోయినై."

ఆఖరు పెట్టె నూట ఇరవై. రిజిస్టర్ తీసి చూశాను. చీటీల్లో దానికి వచ్చింది నలభై ఏడు. ఎముక లేని పెట్టె, అందులోనూ మొక్క పచ్చగానే ఉంది! అంటే నా మొక్క ఏ సాయమూ లేకుండా బతికిందేమో. వేరూ, ఆకూ, మట్టీ విడివిడిగా ఎండబెట్టి, పిండి కొట్టి పరీక్షకు పంపితే రెండు రోజుల్లో తేలిపోతుంది. కమిటీకి చూపించడానికి ఆ ఒక్క పెట్టె చాలు. అంత భయంలోనూ నాకు సంతోషం పొంగింది. ఆ సంతోషాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత.

గాజు విప్పే పనిముట్టు పట్టుకుని కిందికి దిగాను. వెనకే పెద్దాయన చెప్పుల చప్పుడు. పెట్టె దగ్గరికి చేరేసరికి ఆ చప్పుడు ఆగింది. చెప్పులు విడిచాడు.

"సార్, జర ఆగుండ్రి. దీన్ని తియ్యకుండ్రి."

"ఇందులో ఎముక లేదన్నారు కదా?"

"బొక్క లేదు. చూడుండ్రి మీరే."

నల్ల గుడ్డ ఎత్తాను. వేర్లు ఇందులోనూ ఆ మూలకే దిగాయి. కానీ గుంపుగా చుట్టుకోలేదు. గాజుకు ఆనుకుని నల్లబడిన చిన్న వెండి రింగు ఒకటి ఉంది. కాలి మెట్టె. దానికి ఒక పక్క పచ్చ తేరిన రాగి తీగ చుట్టి ఉంది. తెల్లటి వేరొకటి తిన్నగా వచ్చి ఆ మెట్టెలో దూరి, అవతలి నుంచి కాస్త ముందుకు వచ్చి ఆగింది. మెట్టె పెట్టుకున్న కాలి వేలు ఎంత బయటికి ఉంటుందో సరిగ్గా అంతే ఉంది.

"నా ఇంటామెది సార్. వదులైతుందని రాగి తీగ నేనే చుట్టిన. పదకొండేండ్లాయె పోయి. ఆమె కోసమే జల్లెడ పట్టిన. ఆరు కుప్పలు పట్టిన. మా తాత దొరికిండు, ఎవలెవలో దొరికిన్రు. ఆమెది ఒక్క బొక్క దొరకలే. గీ మట్టె, దాన్ని పట్టుకోని ఉన్న గుప్పెడు మట్టి, గంతే."

"ఇంటికి తీసుకువెళ్ళలేకపోయారా?"

"కిరాయి ఇల్లు సార్. ఏడ పెట్టాలె? టీవీ మీదనా?" గాజు మీద వేలు పెట్టి చూపించాడు. "రోజు వచ్చి గుడ్డ లేపి చూస్తున్న. మొదట్ల వేరు దూరంగ ఉండె. దగ్గర దగ్గరకొచ్చింది. పోయిన వారం దూరింది. మీకు గది మొక్కనే. నాకేమో... ఇగ మీ ఇష్టం సార్."

మనమంతా హేతువాదులం. ఆ గుప్పెడు మట్టిలో ఏమైనా కరిగి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఉంటే నా మొక్క ఇక్కడా దాచినదాన్నే వెతుక్కుంది. లేకపోతే నా మొక్క బంగారం. తేల్చడానికి ఆ వేరును మెట్టెలోంచి లాగి, ఓవెన్లో ఎండబెట్టి, రోట్లో నూరాలి. నేను పనిముట్టు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. పైన ఏదో కారు ర్యాంపు దిగింది. గాజు వణికింది. గాజు వెనక ఆ తెల్ల వేలు కూడా కొంచెం కదిలినట్టు కనిపించింది. అది వేరని నాకు తెలుసు. వేలనే అన్నాను, ఉండనివ్వండి.

గుడ్డ దించేశాను.

కమిటీకి ఎముకల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను. అన్నీ విన్నాక ఒకాయన సరైన ప్రశ్నే అడిగాడు. "ఎముక లేని పెట్టె ఒక్కటైనా ఉందా?" ఉంటే నలభై ఏడు బతుకుతుంది, లేకపోతే అక్కడితో సరి.

"ఒకటి ఉండేది. గాజు పగిలింది. లెక్కలోకి రాదు," అన్నాను. రాతలోనూ అదే పెట్టాను. ముప్పై ఏళ్ళ పైబడిన ఉద్యోగంలో రిజిస్టర్‌లో నేను రాసిన ఒకే ఒక్క అబద్ధం అదే. పక్కన అమ్మాయి లాప్‌టాప్ తెరలో ఆ పెట్టె ఫొటో అప్పటికి తెరిచే ఉంది. ఆమె నా వైపు చూడలేదు. మెల్లిగా లాప్‌టాప్ మూసి, "అవునండి, పగిలిందండి" అంది. నలభై ఏడును పక్కన పెట్టేశారు. రెండో సీజన్‌కు అనుమతి రాలేదు, నాకు టైమూ లేదు.

ఆ ఆదివారం పొద్దున పెద్దాయన కులపెద్దలు నలుగురు వచ్చారు. పెట్టెలన్నిటిలోంచి తీసిన ఎముకలను తెల్ల గుడ్డలో కట్టుకున్నారు. ఖాజాగూడ బండల వెనక వాళ్ళకు మిగిలిన కాస్త జాగాలో గుంత తీశారు. ఎముకలను పట్టుకున్న వేర్లను విడదీయాలా అని నేనడిగాను. "పట్టుకున్నదాన్ని ఎందుకు ఇడిపిస్తరు సార్" అన్నాడు పెద్దాయన. చివరగా నూట ఇరవయ్యో పెట్టె గాజు పలకను నేనే జాగ్రత్తగా జార్చి తీశాను. మట్టి చెదరకుండా, మొక్కతో సహా, తల దక్షిణానికి ఉండేలా దించారు. నలభై ఏడో నంబరు ఆకులు పైకి కనిపిస్తూనే ఉన్నాయి. ఆయన ఒక చెంబెడు నీళ్ళు పోశాడు. మా ఆవిడ ఆ సాయంత్రం ఎప్పటిలా అడిగింది. "మీ నలభై ఏడు ఏమంటోంది?" నేను ఏడ్చాను.

ఆ గాజు పలక మా ఇంట్లో బాల్కనీలో, గోడకు ఆనించి ఉంది. ఎక్కడా పగల్లేదు, చిన్న బీట కూడా లేదు. నా అబద్ధానికి సాక్ష్యం అదే కాబట్టి పారేయలేకపోయాను. ఎన్నోసార్లు సబ్బు పెట్టి కడిగాను. ఎండలో చూస్తే శుభ్రంగానే ఉంటుంది. వానాకాలం ఆవిరి పట్టినప్పుడు మాత్రం ఒక మూల ఆవిరి పట్టదు. అక్కడ సన్నటి గీత ఒకటి ఏటవాలుగా దిగి, ఒక చిన్న గుండ్రంలో దూరి, అవతలికి కొంచెం వచ్చి ఆగుతుంది. వేరు ఊరించిన ఆమ్లం గాజును పట్టిన గుర్తని మీకు చెప్పగలను. మొదట్లో ఆ గీత గుండ్రం దాటి ఎంత బయటికి ఉండేదో నేను కొలిచి పెట్టుకోలేదు. ఇప్పుడు కొలవాలని లేదు.